ఫ్యామిలీ వీసా: పెళ్ళి ఇచ్ఛాపురంలో, ఇల్లు బరంపురంలో, పని షార్జాలో. ఏ కాగితం ఎక్కడ చేయించాలి?

బరంపురం ఫోర్‌మన్

అందరికీ నమస్తే. మాది బరంపురం. ఇంట్లో తెలుగు, గడప దాటితే ఒడియా, అలాంటి ఇల్లు. షార్జాలో పైప్ ఫిట్టర్‌గా చేరి తొమ్మిదేళ్ళయింది, ఇప్పుడు ఫోర్‌మన్ని. ఇన్నేళ్ళూ క్యాంపులోనే ఉన్నాను. ఫ్యామిలీ వీసా అంటే ఇంజినీర్లకీ మేనేజర్లకీ మాత్రమే, మన వీసా మీద రాసున్న పనికి రాదు అని సీనియర్లు చెప్తే అదే నిజమనుకున్నాను. మొన్న పక్క గదిలో ఉండే కేంద్రాపడా ప్లంబర్ ఒకతను పెట్టె సర్దుకుంటున్నాడు. ఏంటయ్యా అంటే భార్య వస్తోందట, ఇల్లు తీసుకున్నాడట. అదే కంపెనీ, జీతం నాకంటే మహా అయితే రెండొందలు ఎక్కువ. నిజం చెప్పాలంటే ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నా సంగతి ఇదీ. కాంట్రాక్టులో బేసిక్ 2,600, అలవెన్సులు కలిపితే 4,200 దిర్హాములు. ఓటీ (ఓవర్‌టైమ్) పడిన నెల 5,000 దాటుతుంది. ఉండేది కంపెనీ గది, ఆరుగురం. పాపకి ఏడేళ్ళు, బాబుకి రెండేళ్ళు. మా పెళ్ళి 2015లో ఇచ్ఛాపురంలో, మా అత్తగారి ఊళ్ళో జరిగింది. శుభలేఖ ఉంది, ఆల్బం ఉంది, వీడియో కూడా ఉంది, సర్టిఫికెట్ మాత్రం లేదు. అప్పట్లో ఎవరూ చేయించుకోమని చెప్పలేదు, మాకూ తోచలేదు.

అసలు చిక్కు పేరు దగ్గర. మా ఆవిడ పేరు విజయలక్ష్మి. ఆంధ్రాలో చదివింది కాబట్టి టెన్త్ సర్టిఫికెట్‌లో ‘వి’తోనే ఉంది. పెళ్ళయి బరంపురం వచ్చాక ఆధార్ అడ్రసు మార్పించాం. ఆ కౌంటర్‌లో అబ్బాయి ఒడియావాడు, వాళ్ళకి ‘వ’ పలకదు కదా, ‘బిజయ’ అని కొట్టాడు, ‘లక్ష్మి’లో ఎక్స్ అక్షరం పెట్టాడు. మేం చూసుకోలేదు. పోయినేడాది ఆ ఆధార్ పెట్టే పాస్‌పోర్టు తీశాం. అందులో పేరంతా ఒకే ముక్కగా పడింది, ఇంటిపేరు గడి ఖాళీ. పైగా పాప మొదటి కాన్పు కాబట్టి పుట్టింటి దగ్గర పుట్టింది, దాని బర్త్ సర్టిఫికెట్‌లో తల్లి విజయలక్ష్మి. బాబు బరంపురంలో పుట్టాడు, వాడి తల్లి బిజయలక్ష్మి! కాగితాల ప్రకారం నాకిద్దరు భార్యలు.

ఇప్పుడు అడిగేది ఏంటంటే, జీతం బేసిక్ చూస్తారా మొత్తం చూస్తారా? పెళ్ళి సర్టిఫికెట్ ఆంధ్రాలో చేయించాలా ఒడిశాలోనా? ఒక ఏజెంటు అన్నీ కలిపి 45 వేల రూపాయలు ఇస్తే పది రోజుల్లో స్టాంపులన్నీ (కాగితాలు అసలువేనని వేసే అటెస్టేషన్ ముద్రలు) కొట్టించి ఇస్తానంటున్నాడు, నమ్మొచ్చా? ఇంకొకటి. నాన్న లేరు, అమ్మ ఒక్కతే. ఈ మాట ఇంట్లో ఎత్తినప్పటినుంచి ‘అందరూ పోతే నేనెవరితో ఉండాలిరా’ అంటోంది. అమ్మని కూడా తీసుకురావచ్చా? డిసెంబరులో 40 రోజుల సెలవుంది.

పాత టైపింగ్ సెంటర్

తమ్ముడూ, మాది ఛత్రపురం. షార్జాలో టైపింగ్ సెంటర్‌లో ఆరేళ్ళు ఇవే ఫారాలు నింపాను, కాబట్టి ఆ దేశం వైపు సంగతి చెప్తాను, మన వైపు సంగతి ఇంకెవరైనా చెప్పనీ.

మీ సీనియర్లు చెప్పింది పాత కథ. వీసా మీద రాసిన పనిని బట్టి ఇచ్చే పద్ధతిని 2019లో తీసేశారు. ఇప్పుడు చూసేది జీతమే. 4,000 దిర్హాములు ఉండాలి, లేదా 3,000తో పాటు కంపెనీ ఇల్లు ఉండాలి. చూసేది లేబర్ కాంట్రాక్టులో రాసున్న మొత్తం, బేసిక్ కాదు. నీది 4,200, సరిపోతుంది. ఓటీని లెక్కలోకి తీసుకోరు, అందుకని 5,000 అని ఎక్కడా చెప్పకు, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఒక నెల ఒకలా ఇంకో నెల ఇంకోలా కనిపిస్తే వాళ్ళకి అనుమానాలు. ఇంకో మాట, ఆ ‘కంపెనీ ఇల్లు’ అంటే కుటుంబం ఉండే ఇల్లు. ఆరుగురితో పంచుకునే క్యాంపు మంచం చూపించి 3,000 లెక్కలో పడదామనుకునేవాళ్ళు నా కౌంటర్‌కి నెలకొకడు వచ్చేవాడు.

ఇల్లు నీ పేరు మీద ఉండాలి. అద్దె కాంట్రాక్టు షార్జా మున్సిపాలిటీలో అటెస్ట్ చేయించాలి. (దుబాయ్‌లో ఉన్నవాళ్ళకి దీన్నే ఎజారీ అంటారు, అబూదాబీలో తౌతీక్. చదివేవాళ్ళు వేరే ఎమిరేట్‌లో ఉంటే గందరగోళపడొద్దు.) బెడ్‌స్పేస్ రసీదు, ఫ్రెండు ఇంటి కాంట్రాక్టు, పార్టిషన్ గది, ఇవేవీ పనికిరావు. ఎవడో తన కాంట్రాక్టు మీద నీ పేరు ఎక్కిస్తాను అంటాడు, వద్దు. రేపు రెన్యూవల్‌కి వాడు ఊళ్ళో లేకపోతే నీ పెళ్ళాం పిల్లల వీసా వాడి చేతిలో ఉంటుంది.

తర్వాత వరస ఇలా ఉంటుంది. ముందు ఎంట్రీ పర్మిట్ పెడతావు, అది వచ్చాక వాళ్ళు దిగుతారు. దిగిన 60 రోజుల్లో మిగతా పని అయిపోవాలి: మీ ఆవిడకి మెడికల్, ఎమిరేట్స్ ఐడీ, ఆపైన రెసిడెన్స్. మెడికల్ 18 దాటినవాళ్ళకే, పిల్లలకి ఉండదు. రక్త పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. ఒకవేళ ఆవిడ నెల తప్పి ఉంటే ఎక్స్‌రేకి ముందే చెప్పాలి, ఇది సిగ్గుపడి చెప్పకుండా ఊరుకునే విషయం కాదు. పాస్‌పోర్టులో వీసా స్టిక్కరు 2022 నుంచి వెయ్యడం లేదు, ఎమిరేట్స్ ఐడీ కార్డే అన్నిటికీ. గడువు దాటిపోతే రోజుకి 50 దిర్హాములు ఫైన్. ముగ్గురికి లెక్కేసుకో.

మీ ఆవిడ పాస్‌పోర్టులో ఒకే పేరు, ఇంటిపేరు ఖాళీ అన్నావు చూడు, అది ముందు సరిచేయించు. 2022 నవంబరు నుంచి ఒంటి పేరు పాస్‌పోర్టులతో యూఏఈ పేచీ పెడుతోంది. రెండో పేజీలో తండ్రి పేరో కుటుంబం పేరో ఉంటే చూద్దామన్నారు గానీ, ఎయిర్‌లైన్ కౌంటర్ దగ్గర ఇద్దరు పిల్లల్ని చంకనేసుకుని వాదించే పరిస్థితి ఎందుకు?

ఇచ్ఛాపురం బావ

మా ఊరి అల్లుడివి, అంటే నాకు బావవే. పన్నెండేళ్ళు గల్ఫ్‌లో వెల్డింగ్ చేసి వచ్చేశాను, ఇప్పుడు ఊళ్ళోనే ఉంటున్నాను, ఈ కాగితాల కోసం రోజూ ఎవడో ఒకడు వస్తూనే ఉంటాడు. మా ఉద్దానం కుర్రాళ్ళు సగం మంది అక్కడే ఉన్నారు కదా.

పెళ్ళి ఇచ్ఛాపురంలో జరిగింది కాబట్టి ఇచ్ఛాపురం సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులోనే చేయించు, హిందూ వివాహ చట్టం కింద. పెళ్ళయి పదేళ్ళు దాటినా చేస్తారు, ఏం ఫర్వాలేదు. శుభలేఖ, తాళి కట్టేటప్పటి ఫోటో (గ్రూప్ ఫోటో కాదు బావా, మీ ఇద్దరి మొహాలూ కనపడాలి), వయసుకి టెన్త్ సర్టిఫికెట్లు, ఇద్దరి ఆధార్, ముగ్గురు సాక్షులు వాళ్ళ ఆధార్‌తో. పురోహితుడిని తీసుకొస్తే మంచిదే. ఇద్దరూ స్వయంగా రావాలి, నువ్వు షార్జాలో కూర్చుని మీ మామగారిని పంపిస్తానంటే అవ్వదు. అంటే నీ 40 రోజుల్లో మొదటి వారం దీనికే.

కానీ ఆ మొదటి వారానికల్లా మీ ఆవిడ పేరు ఒక్కటై ఉండాలి. చాలామంది ఇక్కడే బోల్తా కొడతారు. సెలవు మీద వచ్చి హడావిడిగా పెళ్ళి సర్టిఫికెట్ తీసుకుంటారు, ఆ తర్వాత పేర్లు సరిచేసుకుంటారు, అప్పుడు సర్టిఫికెట్ తప్పయి కూర్చుంటుంది.

కొందరు పాస్‌పోర్టులో ఎలా ఉంటే అన్నీ అలా చేసుకోమంటారు, అది సులువనే మాట నిజమే. నీ విషయంలో పాస్‌పోర్టు ఎలాగూ మార్చాలి, ఇంటిపేరు లేదు కాబట్టి. ఎలాగూ మారుస్తున్నప్పుడు బిజయని మళ్ళీ విజయని చేసెయ్. టెన్త్ సర్టిఫికెట్ చేతిలో ఉంది, దాన్ని మించిన ఆధారం లేదు. ముందు ఆధార్, టెన్త్ మార్కుల జాబితా చూపించి మార్పించుకోవాలి. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారు, అందుకని స్క్రీన్ మీద కొట్టింది అక్షరం అక్షరం చదివాకే సరే అనమను. కార్డు మీద ఒడియాలో ఏముందో వదిలెయ్, ఆ లిపిలో అది ‘బ’లాగే ఉంటుంది, మనం చేసేదేం లేదు. ఇంగ్లీషు లైనే ముఖ్యం. ఆధార్ వచ్చాక పాస్‌పోర్టు రీ-ఇష్యూ. మామూలు 36 పేజీల పుస్తకానికి ఫీజు 1,500, తత్కాల్ అయితే ఇంకో 2,000. ఇంటిపేరు గడి నింపండి, భర్త పేరు గడిలో నీ పేరు నీ పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయించు. ఈ రెండు పనులకీ నువ్వు అవసరం లేదు, ఆవిడ ఇప్పుడే మొదలుపెట్టొచ్చు.

బాబు బర్త్ సర్టిఫికెట్‌లో తల్లి పేరు సరిచేయించడం మీ బరంపురం మున్సిపల్ కార్పొరేషన్ పని. అది కొంచెం తిప్పుతారు, ముందే చెప్తున్నా.

ఇక స్టాంపుల సంగతి. పెళ్ళి సర్టిఫికెట్, పాప సర్టిఫికెట్ ఆంధ్రావి, వెలగపూడి సచివాలయం వైపు పోవాలి. బాబుది ఒడిశాది, భువనేశ్వర్ హోం శాఖ వైపు. ఒకే ఇంటి కాగితాలు రాష్ట్రాల సరిహద్దులో గిరిసోల గేటు దగ్గర విడిపోయి, ఒకటి దక్షిణానికీ ఒకటి ఉత్తరానికీ పోతాయన్నమాట! రాష్ట్రం స్టాంపు పడ్డాక రెండూ మళ్ళీ ఢిల్లీలో విదేశాంగ శాఖ దగ్గర కలుస్తాయి, తర్వాత యూఏఈ ఎంబసీ, చివరికి నువ్వు అక్కడ వాళ్ళ విదేశాంగ శాఖలో ఒక్కోదానికి 150 దిర్హాములు కట్టి ఆఖరి ముద్ర వేయించుకోవాలి.

నీ ఏజెంటుని ఒక ప్రశ్న అడుగు: ‘అపాస్టిలా, అటెస్టేషనా?’ అని. అపాస్టిల్ అంటే ఎంబసీ స్టాంపు అక్కర్లేకుండా, ఒక ఒప్పందంలో ఉన్న దేశాలు ఒప్పుకునే ఒకే ముద్ర. వాడు ఆ మాట అన్నాడంటే గనక లేచి వచ్చెయ్. సౌదీ, ఒమన్ దానికి ఒప్పుకుంటాయి, యూఏఈ ఆ ఒప్పందంలో లేదు. అపాస్టిల్ వేయించుకుని అక్కడికెళ్ళి వెనక్కి వచ్చిన కాగితాలు నా చేతుల్తో చూశాను. రెండో ప్రశ్న: రాష్ట్రం స్టాంపు ఎక్కడ వేయిస్తావు? పది రోజుల్లో అంటున్నాడంటే ఢిల్లీలో ఎస్‌డీఎం (సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్) దగ్గర వేయించేస్తాడేమో, చాలామంది ఏజెంట్లు చేసేది అదే, విదేశాంగ శాఖ తీసుకుంటుంది కూడా. తప్పని అనను, కానీ ఆ దారి అయితే ఖర్చు తగ్గాలి, 45 వేలు ఎందుకవుతుంది? విదేశాంగ శాఖ అటెస్టేషన్‌కి అసలు ఫీజే లేదు, వాళ్ళు పెట్టుకున్న ఏజెన్సీ సర్వీస్ ఛార్జీ తప్ప. మూడు కాగితాలకి ఏది ఎంతో విడివిడిగా రాసిమ్మను.

ఆఖరిది, ఇది నా సొంత ఏడుపు. మా తమ్ముడి పెళ్ళి సర్టిఫికెట్ మా అమ్మ భద్రంగా ఉండాలని లామినేషన్ చేయించింది. ప్లాస్టిక్ మీద స్టాంపు ఎక్కడ కొడతారు? వేడి చేసి విప్పబోతే సగం అక్షరాలు ప్లాస్టిక్‌కే అంటుకుపోయాయి. మళ్ళీ నకలు తీసుకోవడానికి మూడు వారాలు. లామినేషన్ చెయ్యొద్దు, మడవొద్దు, వెనకవైపు ఖాళీగా ఉంచు, ముద్రలన్నీ అక్కడే పడతాయి.

జుబైల్ గుణుపురం

సౌదీలో ఉన్నవాళ్ళు ఇది చదివి ఆశపడకండి బాబూ. ఇక్కడ అకామా (రెసిడెన్స్ కార్డు) మీద పని ఏం రాసుందో ఇప్పటికీ చూస్తారు, లేబర్ అని ఉంటే ఫ్యామిలీ వీసా మర్చిపోవడమే. కుటుంబం ఇక్కడ ఉన్నా తలకి నెలకి 400 రియాళ్ళు లెవీ, సర్కారుకి కట్టాలి. 2017లో 100తో మొదలుపెట్టి ఏటా వంద పెంచుకుంటూ 2020 జూలైకి 400 చేశారు. భార్యా ఇద్దరు పిల్లలంటే నెలకి 1,200, ఏడాదికి 14,400. ఆ డబ్బుతో నేను ఏడాదికి రెండుసార్లు ఊరెళ్ళొస్తున్నాను, మా ఆవిడకి గాజులు కూడా వస్తున్నాయి. నీకు ఆ లెవీ లేదు అన్నా, అదృష్టవంతుడివి.

పర్లాకిమిడి అమ్మాయి

అన్నయ్యా, మీరు వదినని అడిగారా? ఇక్కడ అందరూ కాగితాల గురించే రాశారు, రావాల్సిన మనిషి గురించి ఎవరూ రాయలేదు, అందుకే అడుగుతున్నాను. తప్పుగా అనుకోవద్దు.

నేను మూడేళ్ళ కిందట వచ్చాను. మా ఆయన జీతం అప్పుడు 4,800. అజ్మాన్‌లో స్టూడియో తీసుకున్నాం, ఏడాదికి 20 వేల దిర్హాములు, నాలుగు చెక్కులుగా కట్టాలి. స్టూడియో అంటే ఒకటే గది, అందులోనే మంచం, అందులోనే గ్యాసు పొయ్యి, ఒక కిటికీ, కిటికీకి ఎదురుగా ఇంకో బిల్డింగ్ గోడ. పర్లాకిమిడిలో మాకు పెరడుంది, నుయ్యి ఉంది, మందార చెట్టు ఉంది. మొదటి నెల నేను ఆ గోడనే చూస్తూ కూర్చున్నాను. ఆయన పొద్దున్న ఐదుకి వెళ్తే రాత్రి ఏడు. జూలైలో మధ్యాహ్నం బయటికి అడుగు పెట్టలేం, పిల్లలు గదిలో గంతులేస్తే కింద ఇంటివాళ్ళు తలుపు కొడతారు.

డబ్బు లెక్క మీకు ముందే తెలియాలి. చెక్కు తేదీ దగ్గరపడుతుంటే ఆయనకి అన్నం సహించదు. ఇల్లు చేతికి రావాలంటే అద్దె మొదటి చెక్కు, డిపాజిట్, ఏజెంటు కమిషన్, కరెంటు కనెక్షన్‌కి డిపాజిట్, ఇవన్నీ ఒకే వారంలో పడతాయి, ఆ తర్వాత వీసా ఫీజులు, టికెట్లు. క్యాంపులో ఉన్నప్పుడు కంపెనీ పెట్టే తిండి, కంపెనీ బస్సు, ఇవన్నీ ఉచితం అని మనకి తెలీదు, పోయాకే తెలుస్తుంది. కంపెనీ ఇన్సూరెన్సు మీకు మాత్రమే, పిల్లాడికి జ్వరం వస్తే డాక్టరు ఫీజు చేతి నుంచే. స్కూలు అన్నిటికంటే పెద్ద ఖర్చు. పాపకి ఏడేళ్ళన్నారు కదా, ఇండియన్ సిలబస్ స్కూళ్ళు ఇక్కడ కూడా ఏప్రిల్‌లోనే మొదలవుతాయి, బరంపురం స్కూలు నుంచి తెచ్చే టీసీకి కూడా అటెస్టేషన్ అడుగుతారు, ఆ సంగతి పైన ఎవరూ చెప్పలేదు. అరబ్బీ తప్పనిసరి సబ్జెక్టు. మా అమ్మాయి ఇప్పుడు తెలుగు, ఒడియా, హిందీ, ఇంగ్లీషు, అరబ్బీ కలిపి ఒకే వాక్యంలో మాట్లాడుతుంది, మా అత్తగారికి ఫోన్లో సగమే అర్థమవుతుంది.

ఇంత చెప్పి, వెనక్కి వెళ్ళిపోతావా అంటే వెళ్ళను. మా బాబు పుట్టినప్పుడు ఆయన ఇక్కడే ఉన్నారు, వాణ్ణి మొదటిసారి చూసింది వాడికి పద్నాలుగు నెలలప్పుడు. వాడు ఆయన్ని చూసి ఏడ్చి నా వెనక దాక్కున్నాడు. ఆయన సూట్‌కేసు తెరిచి బొమ్మలు తీస్తుంటే సూట్‌కేసు దగ్గరికి వచ్చాడు గానీ ఆయన దగ్గరికి రాలేదు. ఇప్పుడు సాయంత్రం ఏడింటికి లిఫ్ట్ చప్పుడైతే తలుపు దగ్గరికి పరిగెత్తుతాడు. దానికి ఎన్ని చెక్కులైనా ఇచ్చుకోవచ్చు అనిపిస్తుంది, అద్దె కట్టిన మర్నాడు మాత్రం అలా అనిపించదు లెండి.

వదిన చదువుకున్నవారే కదా. భర్త వీసా మీద ఉన్నా లేబర్ శాఖ పర్మిట్‌తో ఉద్యోగం చెయ్యొచ్చు. నేను ఒక నర్సరీలో అసిస్టెంటుగా చేస్తున్నాను. పర్మిట్ లేకుండా ఇంట్లో టిఫిన్లు, టైలరింగ్ అని మొదలుపెట్టేవాళ్ళున్నారు, దొరికితే గోల. మీకు ఒక్కరి జీతం మీదే అయితే 4,200 చాలా బిగుతు, చేతిలో కనీసం ఆరు నెలల ఖర్చు పెట్టుకుని పిలవండి. వచ్చేటప్పుడు బరంపురం అప్పడాలు, ఆవకాయ తెచ్చుకోమనండి, ఇక్కడ దొరికేవి ఆ రుచి రావు.

బరంపురం ఫోర్‌మన్

చెల్లెమ్మా, చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. మా బాబు కూడా వీడియో కాల్‌లో నన్ను ‘ఫోన్ నాన్న’ అంటాడు.

అడగలేదని అనను, అడిగాను గానీ ‘వస్తావా’ అని అడిగాను, ఇలా ఉంటుంది అని చెప్పలేదు. నిన్న మీరు రాసింది మొత్తం చదివి వినిపించాను. స్టూడియో సంగతి విని నవ్వింది, ‘ఆరుగురితో నువ్వుండగా లేనిది నలుగురం ఉండలేమా’ అంది. ఆధార్ పని రేపటినుంచి మొదలుపెడుతోంది. బావా, వేల థ్యాంక్సులు, ఏజెంటుని అడిగితే అపాస్టిల్ అనే అన్నాడు!

అమ్మ సంగతి ఎవరూ చెప్పలేదు. కంపెనీ మారితే వీళ్ళ వీసాలు ఏమవుతాయి, అది కూడా చెప్పండి.

పాత టైపింగ్ సెంటర్

అమ్మ సంగతి కావాలనే దాటేశాను తమ్ముడూ, మంచి కబురు కాదని. తల్లిదండ్రుల రెసిడెన్స్‌కి 20 వేల దిర్హాముల జీతం అడుగుతారు. ఇద్దరినీ కలిపే తేవాలి, ఒకరు లేకపోతే ఆ డెత్ సర్టిఫికెట్‌కి కూడా ఇవే స్టాంపులు. ఊళ్ళో చూసుకునేవాళ్ళు ఎవరూ లేరని మన కాన్సులేట్ నుంచి కాగితం, ఇన్సూరెన్సు, ఇవన్నీ అయ్యాక వీసా ఏడాదికే ఇస్తారు, ఏటా మళ్ళీ మొదటికి. నీ జీతానికి ఆ దారి లేదు.

విజిట్ వీసా ఉంది. తల్లి, తండ్రి, భార్య లాంటి దగ్గరివాళ్ళని పిలవడానికి నెలకి 4,000 ఆదాయం చాలని 2025లో చెప్పారు. చలికాలంలో రెండు నెలలు వచ్చి మనవల్ని చూసుకుని వెళ్తారు. నా అభిప్రాయం అడిగితే ఆ వయసువాళ్ళకి అదే నయం. స్టూడియోలో ఏడాదంతా కూర్చోబెడితే బరంపురంలో గుడికీ బజారుకీ తిరిగే మనిషి మంచాన పడుతుంది. మా నాన్నగారిని అలా తెచ్చి నెల తిరక్కుండా టికెట్ కొనమన్నారు.

కంపెనీ మారే మాట. వాళ్ళ వీసాలు నీ వీసాకి కట్టేసిన లేగదూడల్లాంటివి. నీది రద్దు చేయాలంటే ముందు వాళ్ళవి రద్దు చెయ్యాలి, లేకపోతే డిపాజిట్ కట్టి హోల్డ్‌లో పెట్టించాలి. రిజైన్ చేసే ముందు పీఆర్వోతో (కంపెనీ తరఫున వీసా పనులు చూసేవాడు) కాకుండా టైపింగ్ సెంటర్‌తో మాట్లాడు, పీఆర్వోకి కంపెనీ పని అయిపోతే చాలు. ఇంకోటి, వాళ్ళు ఊరెళ్ళి ఆరు నెలలు దాటి ఉండిపోతే వీసా పోతుంది. పురుడికో పెళ్ళికో వెళ్ళి మర్చిపోయేవాళ్ళు చాలామంది.

బరంపురం ఫోర్‌మన్

అప్‌డేట్ పెడతానని చెప్పి నాలుగు నెలలైంది, క్షమించాలి.

ఆధార్ మూడు వారాల్లో అయింది. మా ఆవిడ ఆ కౌంటర్ అబ్బాయి పక్కన నిలబడి, అక్షరం అక్షరం చదివించి, రసీదు మీద పెన్నుతో ఒక్కో అక్షరం కొట్టి మరీ చూసుకుందట. పాస్‌పోర్టు నేను దిగిన ముందు రోజే వచ్చింది. నేను దిగిన మూడో రోజు ఇచ్ఛాపురం వెళ్ళాం. సాక్షులుగా మా మామగారు, వాళ్ళ పక్కింటాయన, అప్పట్లో మా పెళ్ళికి వంటలు చేసిన ఆయన వచ్చారు. ఫోటో దగ్గర మాత్రం గంట పోయింది. ఆల్బంలో తాళి కట్టే ఫోటోలో నా మొహం పూర్తిగా బాసికంతో పూలతో కప్పేసి ఉంది, ‘ఇది మీరేనని ఎలా తెలుస్తుంది’ అన్నాడు క్లర్కు. ఆఖరికి తలంబ్రాల ఫోటో ఒకటి దొరికింది, అందులో ఇద్దరం నవ్వుతున్నాం, దాన్ని తీసుకున్నాడు. సర్టిఫికెట్‌లో అక్షరాలన్నీ పాస్‌పోర్టుతో పెట్టి చూసుకున్నాకే సంతకం పెట్టాను. లామినేషన్ చెయ్యలేదు బావా.

బాబు సర్టిఫికెట్‌లో తల్లి పేరు మార్పించడానికి నాలుగుసార్లు తిరిగాను, అఫిడవిట్, ఆసుపత్రి డిశ్చార్జ్ కాగితం అడిగారు. ఆ డిశ్చార్జ్ కాగితంలో ‘విజయలక్ష్మి’ అని ఎవరో మహాతల్లి సరిగ్గా రాసింది, దానితో పని జరిగింది. ఏజెంటుని మానేసి వేరే అతన్ని పట్టుకున్నాను, మూడు కాగితాలకీ విడివిడిగా రేటు రాసిచ్చాడు, మొత్తం మొదటివాడు అడిగిన దాంట్లో సగం కూడా కాలేదు. బాబుది భువనేశ్వర్ వెళ్ళి వచ్చింది, మిగతా రెండూ ఈ వారమే వచ్చాయట. మూడూ ఇప్పుడు బరంపురంలో మా బీరువాలో ఉన్నాయి. నేను షార్జాలో ఉన్నాను, నా సెలవు ముందే అయిపోయింది.

ఇల్లు చూస్తున్నాను. పాప టీసీ ఏప్రిల్ నాటికి అవ్వాలి, స్కూలువాళ్ళతో మాట్లాడాను. అమ్మకి విజిట్ వీసా మాట చెప్తే మొదట మొహం ముడుచుకుంది, ఇప్పుడు పాస్‌పోర్టు ఫోటో కోసం ఏ చీర కట్టుకోవాలని రోజూ మా ఆవిడని అడుగుతోందట.

ఒక సాయం కావాలి. ఆ మూడు ఒరిజినల్స్ ఇక్కడికి రావాలి. ఇంత కష్టపడి చేయించినవి కొరియర్‌లో వెయ్యడానికి మనసొప్పడం లేదు. ఈ నెలలో బరంపురం, ఛత్రపురం, ఇచ్ఛాపురం వైపు నుంచి షార్జా గానీ దుబాయ్ గానీ వచ్చేవాళ్ళుంటే చెప్పండి, మా తమ్ముడు రైల్వే స్టేషన్‌కి తెచ్చి చేతికిస్తాడు, నేను ఎయిర్‌పోర్టుకి వచ్చి తీసుకుంటాను.